గొంతు లేని ఇంగ్లిష్

నీళ్ల టాంకీ వెనక బోర్లా పడుకున్న మనిషి మెల్లగా తల ఎత్తాడు. మరుక్షణం దించేశాడు.

ఎదురు డాబా మీది ఆడమనిషి సరిగ్గా ఇటే చూసింది.

పరమేశ్వర్‌కు ముచ్చెమటలు పట్టాయి. నలభై ఆరేళ్ల మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. సూరత్‌లోని వడోద్‌లో ఉండే తెలుగువాళ్ల కులసంఘంలో నలుగురూ మాట వినే పెద్దమనిషి. అలాంటివాడు ఆదివారం పట్టపగలు నాలుగు గంటలకు పరాయి బిల్డింగు ఎక్కి, టాంకీ చాటున దాక్కొని, ఎదురు డాబా మీద చేరిన పదకొండు మంది ఆడవాళ్లను దొంగచూపులు చూస్తున్నాడు. దొరికితే ఏం చెప్పుకోవాలి? చెప్పుకునేదాకా ఎవరైనా ఆగుతారా?

అసలు సంగతి చెప్పడం అంతకంటే సిగ్గు. ఆ పదకొండు మందిలో ఒకామె అతని పెళ్లాం జమున. అతను చూస్తున్నది ఆడవాళ్లను కాదు, వాళ్ల పెదవులను. ఆ పెదవుల మీద ఆడుతున్న ఇంగ్లిష్‌ను.

పాండేసరాలో ఒక శేఠ్ కార్ఖానాలో పరమేశ్వర్ ఇరవై ఒక్క ఏళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లు కరెంటు మగ్గాన్ని సూరత్‌లోనూ సాంచా అనే అంటారు. ఇప్పుడు ఆ పాత సాంచాలు తీసేసి కొత్త కంప్యూటర్ మగ్గాలు పెడుతున్నారు. పన్నెండు మంది చేసే పనికి ఇక ముగ్గురు చాలు. మగ్గాలు బిగించడానికి కోయంబత్తూరు నుంచి ఇంజనీరు వస్తున్నాడు. అతనికి తమిళం, ఇంగ్లిష్ తప్ప మూడో భాష రాదు.

నెల కిందట శేఠ్ పన్నెండు మందినీ వరసగా నిలబెట్టి హిందీలో అడిగాడు. "మీలో ఇంగ్లిష్ ఎవరికొచ్చు? పదిరోజులు ఆ ఇంజనీరుతో మాట్లాడి పని నేర్చుకున్నవాడే కొత్త షెడ్డుకు మాస్టర్. తోడు ఇద్దర్ని వాడే ఏరుకుంటాడు. మిగతావాళ్లు వేరే చోటు చూసుకోండి."

పదకొండు తలలు కిందికి వంగాయి. పరమేశ్వర్ చెయ్యి పైకి లేచింది.

ఎందుకు లేచిందంటే, తను ఇంటర్ చదివానని ఇరవై ఏళ్లుగా అందరికీ చెప్పుకున్నాడు కాబట్టి. చదివింది ఆరో తరగతి. చెప్పిన అబద్ధం పరువై కూర్చుంది. ఆ పరువు ఇప్పుడు చెయ్యి పట్టి పైకి లేపింది. పక్కనే నిల్చున్న లింగం అతని భుజం తట్టి, "మా పరమేశన్న ఉండంగ ఫికర్ ఏంది శేఠ్!" అన్నాడు. లింగం కూడా పద్దెనిమిదేళ్లుగా అక్కడే సాంచా నడుపుతున్నాడు. తనను ఏరుకుంటాడనే ఆశ వాడి కళ్లలో అప్పుడే కనబడింది.

ఆ రోజు నుంచి పరమేశ్వర్ ఫోన్లో ఇంగ్లిష్ పాఠాలు పెట్టుకున్నాడు. చెవుల్లో వైర్లు పెట్టుకొని వారం రోజులు కష్టపడ్డాడు. ఆపిల్ ఎర్రగా ఉంది, పిల్లి బల్ల కింద ఉంది అనే రెండు వాక్యాల దగ్గర బండి ఆగిపోయింది. ఆపిల్‌తో, పిల్లితో మగ్గం నడవదు కదా.

సరిగ్గా అప్పుడే, వంట చేస్తున్న జమున నోట ఒక మాట విన్నాడు. ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు. పెనం మీది సర్వపిండిని చూస్తూ తనలో తనే అనుకుంటోంది. "ఇట్ ఈజ్ నాట్ రెడీ. వెయిట్. నౌ ఇట్ ఈజ్ రెడీ."

తడుముకోకుండా, చెమట పట్టకుండా, కూనిరాగం తీసినట్టు ఇంగ్లిష్!

జమున సర్వపిండి, జొన్నరొట్టెలు చేసి ఊళ్లోని తెలుగు డాక్టర్లకు, కంప్యూటర్ ఉద్యోగులకు పంపుతుంది. వాళ్లలో ఒకామె కమలాకుమారి. విజయవాడ మనిషి. ఇంట్లోంచే కంపెనీ పని చేసుకుంటుంది. "నువ్వు నాకు సర్వపిండి నేర్పు, నేను నీకు ఇంగ్లిష్ నేర్పుతా" అన్నది ఆమె చలికాలం మొదట్లో. ఆమె ఇంటి డాబా మీద ఒక్కరితో మొదలైన క్లాసు పదకొండు మందయింది. ఆ క్లాసుకు ఒకటే నియమం. పుస్తకం తెచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోవాలి. అక్కడ ఆట తప్ప పాఠం లేదు. బంతి విసిరితే పట్టుకున్నవాళ్లు ఇంగ్లిష్‌లో ఒక్క మాట చెప్పాలి, అలాంటి ఆటలు.

అయితే వెళ్లి నేర్చుకోవచ్చు కదా? వెళ్లలేడు. ఆ దారి పరమేశ్వర్ తన చేతులతో తనే మూసుకున్నాడు.

మాఘమాసంలో మార్కండేయ జయంతి భోజనాలయ్యాక, మగవాళ్లంతా నవ్వించమని అడిగితే, పరమేశ్వర్ లేచి ఆ క్లాసును అనుకరించి చూపించాడు. అనుకరణలో అతన్ని మించినవాడు ఆ గల్లీలో లేడు. నడుం వంచి అరవై ఏళ్ల బుచ్చవ్వ బంతి పట్టుకోవడం చూపించాడు. కళ్లు తిప్పుతూ కొమురవ్వ తడబాటు చూపించాడు. చివరికి తువ్వాలు కొంగులా దోపుకొని, మూతి సున్నాలా చుట్టి, తన పెళ్లాం "హలో" అనడం చూపించాడు. "ముసలోళ్ల బాలవాడి!" అని పేరు కూడా పెట్టాడు. లింగం అయితే పొట్ట పట్టుకొని నేలమీద కూలబడ్డాడు. విస్తర్లు ఎత్తుతున్న జమున ఒక్క క్షణం ఆగి చూసి, మళ్లీ విస్తర్లు ఎత్తుకుంటూ వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక కూడా ఒక్కమాట అనలేదు.

అందుకే ఈ టాంకీ చాటు.

కింద గల్లీలో ఎంబ్రాయిడరీ మిషన్ల రొద. ఇన్నేళ్ల సాంచాల మోతకు పరమేశ్వర్ చెవులు సగం మొద్దుబారాయి. ఎదురు డాబా మీది మాట ఒక్కటీ వినబడదు. కాని వినబడాల్సిన పనే లేదు. సాంచాల షెడ్డులో చెవులతో ఎవరూ వినరు. చెవిలో అరిచినా చేరదు. అక్కడ పనిచేసేవాళ్లు గొంతు కలపకుండా పెదవులు మాత్రమే కదిపి మాట్లాడుకుంటారు. ముప్పై అడుగుల దూరం నుంచి కూడా పెదవులు చూసి మాట పట్టేస్తారు. అలా పట్టడంలో ఆ షెడ్డులో పరమేశ్వరే మొనగాడు.

ఎదురుగా బజారు ఆట నడుస్తోంది. బుచ్చవ్వ దుకాణం పరుచుకుంది. నాలుగు వంకాయలు. కొనడానికి వచ్చిన కొమురవ్వ ఒక వంకాయను వేలితో నొక్కి ముఖం చిట్లించింది.

"దిస్ బ్రింజాల్ ఓల్డ్."

"యూ ఓల్డ్! బ్రింజాల్ యంగ్!" అంది బుచ్చవ్వ.

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. టాంకీ వెనక పరమేశ్వర్‌కు కూడా నవ్వొచ్చింది. నోరు మూసుకున్నాడు.

తరవాత కామెంటరీ ఆట. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు క్రికెట్ కామెంటరీలాగా ఆ పనిని చెప్పాలి. కొమురవ్వ ఉల్లిగడ్డ కోస్తోంది. జమున చెబుతోంది. "షీ ఈజ్ కటింగ్. షీ ఈజ్ క్రయింగ్. షీ ఈజ్ నాట్ స్టాపింగ్!" పని కళ్లముందే ఉంది కాబట్టి మాటకు అర్థం వెతుక్కోవలసిన పనిలేదు. పరమేశ్వర్ పెదవులు కూడా ఆమెతోపాటు కదిలాయి. షీ ఈజ్ నాట్ స్టాపింగ్.

ఇలా మూడు ఆదివారాలు చూశాడు. చూసిన పెదవులకు, ఇంట్లో జమున గొణిగే మాటలకు లంకె వేసుకున్నాడు. మిగతా ఆరు రోజులూ షెడ్డులో, సాంచాల మధ్య తిరుగుతూ పెదవులతో సాధన చేశాడు. థ్రెడ్ ఈజ్ బ్రేకింగ్. ఐ యామ్ స్టాపింగ్. నౌ ఇట్ ఈజ్ రన్నింగ్. అక్కడ ఎవరు పెదవులు కదిపినా ఎవరూ ఆశ్చర్యపోరు.

తెల్లవారితే సోమవారం. ఇంజనీరు వచ్చే రోజు.

*

ఇంజనీరు పేరు సుజిత్. ముప్పై అయిదేళ్లుంటాయి. వస్తూనే పాత షెడ్డు చూడాలన్నాడు. అరవై సాంచాలు ఒక్కసారిగా మోగుతున్న ఆ హోరులోకి శేఠ్ పరమేశ్వర్‌ను తోసి, తను గుమ్మంలో నిలబడ్డాడు.

సుజిత్ ఒక సాంచా దగ్గర ఆగాడు. తెగిన పోగును వేలితో చూపించాడు. అతనూ మగ్గాల మధ్య బతికినవాడే. అరవలేదు. పెదవులు కదిపాడు. "వై ఈజ్ ఇట్ బ్రేకింగ్?"

పరమేశ్వర్‌కు ఆ నాలుగు మాటలూ అద్దంలో కనబడినంత స్పష్టంగా కనబడ్డాయి.

"ఆఫ్టర్‌నూన్, మోర్ బ్రేకింగ్," అన్నాయి అతని పెదవులు. "ఎయిర్ ఈజ్ డ్రై. ఈవెనింగ్, గుడ్."

సుజిత్ కళ్లు మెరిశాయి. ఇంకొకటి అడిగాడు. పరమేశ్వర్ ఇంకొకటి చెప్పాడు. చేతులు, కళ్లు, పెదవులు కలిసి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాయి. పని వదిలి మరీ చూస్తున్న పదకొండు మందికి మతిపోయింది. "అరె, మా పరమేశన్న దొర అయిండుర!" అని లింగం పెదవులు దూరం నుంచి అన్నాయి.

శేఠ్ వీపు తట్టి ఇద్దరినీ ఆఫీసు గదిలోకి తీసుకుపోయాడు. అద్దాల గది. ఏసీ గది. తలుపు మూసుకుంది. మోత కత్తితో కోసినట్టు ఆగింది.

"టెల్ మీ, మిస్టర్ పరమేశ్వర్," అన్నాడు సుజిత్ కుర్చీలో వెనక్కి వాలుతూ, "హౌ మెనీ ఇయర్స్ ఆర్ యూ హియర్?"

తెలిసిన ప్రశ్నే. జవాబూ తెలుసు. పరమేశ్వర్ జవాబు చెప్పాడు.

గదిలో చప్పుడు లేదు.

పెదవులు సరిగ్గానే కదిలాయి. గొంతు మాత్రం లేదు. మళ్లీ చెప్పాడు. మళ్లీ అంతే. నేర్చుకున్న ఇంగ్లిష్ అంతా పెదవుల మీదే ఉంది. నెలరోజుల్లో ఒక్కసారి కూడా దాన్ని గొంతులోంచి బయటకు తీయలేదు. ఇప్పుడు తీయాలంటే, ఎదురుగా కుర్చీలో సుజిత్ కాదు, మార్కండేయ జయంతి నాటి మగవాళ్లంతా కూర్చుని ఉన్నట్టుంది. శబ్దం వస్తే ఎవరో ఒకరు దాన్ని పట్టుకొని అనుకరిస్తారు. అది ఎంత సులువో అతనికంటే తెలిసినవాడెవడు?

"క్యా హువా పరమేశ్ భాయ్?" శేఠ్ కంగారుగా లేచి నీళ్ల గ్లాసు అందించాడు.

సుజిత్ తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు. "థ్రోట్ ప్రాబ్లమ్?"

మునిగిపోయేవాడికి తాడు విసిరినట్టయింది. పరమేశ్వర్ గొంతు పట్టుకొని, తల గట్టిగా పైకీ కిందికీ ఊపాడు.

"శనివారం దాకా రెస్ట్ ఇవ్వు గొంతుకు," అన్నాడు శేఠ్. "అప్పటికి పాత మగ్గాలు ఊడదీసి, కొత్త వాటికి నేల చదును చేస్తారు. శనివారం నాడు ఇక్కడే, ఈ గదిలోనే కూర్చుని అసలు పని మాట్లాడుకోవాలి. గొంతు రాకపోతే ఇంకొకణ్ని చూసుకుంటాను. ఏమనుకోకు."

ఇంటర్ ఒక అబద్ధం. ఇంగ్లిష్ రెండోది. గొంతు మూడోది. మెట్లు దిగుతూ పరమేశ్వర్ లెక్కపెట్టుకున్నాడు.

*

అబద్ధం ఆడటం సులువే. దానితో కాపురం చేయడమే కష్టం.

సోమవారం సాయంత్రానికి వడోద్ గల్లీ అంతా తెలిసిపోయింది, పరమేశ్వర్‌కు గొంతు పోయిందని. జమున ముఖం పాలిపోయింది. వెంటనే పాలలో పసుపు వేసి తెచ్చింది. ఉప్పునీళ్లు కాచింది. మెడకు తువ్వాలు చుట్టింది.

"మాట్లాడకు. ఊకో. నాకర్థమైతది తియ్," అంది అతను నోరు తెరవబోతే.

మంగళవారం కొమురవ్వ వచ్చింది. కరక్కాయ ముక్క తెచ్చి, "బుగ్గన వెట్టుకో బిడ్డా, రసం మింగు," అని చెప్పి పోయింది. బుధవారం బుచ్చవ్వ మెట్లెక్కలేక ఎక్కి, తమలపాకుల్లో మిరియాలు, తేనె పెట్టి తెచ్చింది. ఆ వంగిన నడుముతో మూడంతస్తులు. కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ, "శెనివారం ఒక్కపొద్దుంట నీ కోసం. నీ కొలువు నీకు దక్కాలె," అంది.

పరమేశ్వర్ తమలపాకు నమిలాడు. మిరియం ఘాటు చెవులదాకా పాకింది. ఘాటు మిరియానిదా, ఇంకోదానిదా అతనికి తెలుసు. ఒక్కొక్కరుగా తొమ్మిది మంది వచ్చారు. అందరినీ అతను అనుకరించి చూపినవాడే. ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

మూడు రోజులు కట్టుకున్న మనిషితో మూగసైగలు చేశాడు. ఆమె నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి అతని గొంతు తడిమి చూడటం కూడా చూశాడు. అయినా నోరు పెగల్లేదు.

గురువారం పొద్దున జమున ఆర్డర్లన్నీ రద్దు చేసుకుంది. "కిశోర్ సార్ చెవి, ముక్కు, గొంతు డాక్టరే. మనోడే, వరంగల్. మన రొట్టెలు తింటడు. ఫీజు గిట్ల వద్దన్నడు. నడువు."

వద్దని సైగ చేశాడు. చేయి పట్టి లాక్కుపోయింది.

డాక్టర్ కిశోర్ నుదుటికి దీపం తగిలించుకొని, నాలుక గుడ్డతో పట్టి, చిన్న అద్దం లోపలికి పెట్టాడు. "ఆ అనండి."

పరమేశ్వర్ అనలేదు. బిగపట్టుకున్నాడు. అద్దం కొండనాలుకకు తగిలింది. డోకు తన్నుకొచ్చింది.

"ఆఁ... ఆఁఆఁ!"

గది గోడలు మారుమోగాయి. బయట కూర్చున్న రోగులు తొంగిచూశారు.

డాక్టర్ నవ్వాడు. "జమునక్కా, గొంతుకేం కాలేదు. గుడి గంట లెక్కుంది."

జమున నవ్వలేదు. మొగుడి ముఖంలోకి చూసింది. అతను చూపు తప్పించాడు. ఆ ఒక్క తప్పించడంతో ఆమెకు అర్థమైపోయింది.

ఆసుపత్రి బయట బస్సు స్టాపులో, సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. మూడు బస్సులు వచ్చి పోయాయి. నాలుగో బస్సు కూడా పోయాక అతను మొదలుపెట్టాడు. తల ఎత్తకుండా అంతా చెప్పాడు. ఇంటర్, చెయ్యెత్తడం, టాంకీ, పెదవులు, అద్దాల గది.

"గా టాంకీ ఎనక తలకాయ నీదేనా?" అంది జమున చివరికి.

అతను తల ఊపాడు.

"ఎవడో లుచ్చాగాడు అనుకున్నం. కొమురవ్వ ఇప్పటికి రెండు ఐతారాల సంది కారప్పొడి పొట్లం కొంగున కట్టుకొస్తున్నది, దొరికితె కండ్లల్ల కొడ్దమని."

"జమునా, జర ఇను. నా ఇజ్జత్..."

"నీ ఇజ్జత్!" ఆమె గొంతు పెరగలేదు. అదే అతన్ని భయపెట్టింది. "మార్కండేయ జయంతి నాడు నూరుమంది ముంగట మూతి సున్న సుట్టి నా లెక్క జేసినవ్. ఆ పొద్దు నా ఇజ్జత్ ఏడవోయింది? నాకు ఇంగ్లీష్ ఎందుకో ఎన్నడన్న అడిగినవా? ఫోన్ల ఆర్డర్ వస్తె, ఎవలన్న పోరగాన్ని బతిమాలి సదివించుకునేది. సిగ్గయ్యేది. అందుకే పోయిన. నేను సిగ్గిడిసి నేర్సుకున్న. నువ్వు సిగ్గువడి దొంగతనం జేసినవ్."

అతనికి తల కొట్టేసినట్టయింది. అయిదో బస్సు వచ్చి ఆగింది.

"ఎక్కు," అంది. "శెనివారానికి ఇంక రెండొద్దులే ఉన్నయ్. రేపు పొద్దుగూకకముందే క్లాసు వెట్టమని మేడంను అడుగుత. నువ్వొచ్చి వాళ్లందరికి చెప్పాలె. నేను చెప్ప. నీ నోటితోనే చెప్పాలె."

*

శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు పరమేశ్వర్ క్లాసు జరిగే బిల్డింగు మెట్లెక్కాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఎన్నో బరువులు మోశాడు. ఆ మెట్ల మీద మోసిన బరువు వేరు.

చాపల మీద పది మంది ఆడవాళ్లు, కమలాకుమారి. జమున ఒక పక్కన నిలబడింది.

చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, నేల చూస్తూ చెప్పాడు. గొంతు పోలేదని చెప్పగానే బుచ్చవ్వ ముఖం చూడలేకపోయాడు. టాంకీ సంగతి చెప్పగానే కొమురవ్వ కొంగుముడి తడుముకుంది.

కమలాకుమారి ఏదో అనబోయి ఆగింది. ఆఖరికి బుచ్చవ్వ అంది:

"ఆ పొద్దు నాకు పెయ్యి బాగలేక భోజనాలకు నేను రాలే. నా లెక్క మస్తు జేసినవట. అందరు జెప్పిన్రు. నేను సూడలే. చెయ్ బిడ్డా, సూస్త."

"వద్దవ్వా."

"చెయ్యమంటున్న గద."

వేళాకోళం కాదు. కోపమూ కాదు. నిజంగానే చూడాలని అడుగుతోంది. పరమేశ్వర్ నడుం వంచాడు. చేతులు ముందుకు చాపి, వణికిస్తూ, రాని బంతిని పట్టుకోబోయాడు. ఆ రోజు నూరుమంది పగలబడి నవ్విన చోటు అది. ఇవాళ ఒక్క పెదవి కదల్లేదు. వంగిన నడుముతో అలాగే ఉండిపోయాడు. నిలబడటానికి ముఖం చెల్లలేదు.

బుచ్చవ్వ పక్కనున్న కొమురవ్వ వైపు తిరిగింది. "నిజంగ నా నడుము గంత వంగిందా?"

"కొద్దిగ వంగింది తియ్," అంది కొమురవ్వ మెల్లగా.

"ఎవలు జెప్పకపాయిరి," అని బుచ్చవ్వ చీర కుచ్చెళ్లు సర్దుకుంది. కాస్త నిటారుగా కూర్చోవాలని చూసింది. కాలేదు.

పరమేశ్వర్ కళ్లు నిండాయి. ఏ తిట్టు కూడా అంత లోపలికి దిగేది కాదు.

"సరే, కూర్చోండి," అంది కమలాకుమారి కాసేపటికి. "రేపే కదా మీకు పని. టైం లేదు. బంతి వేస్తాను. పట్టుకుని మీ గురించి ఒక్క మాట చెప్పండి. తప్పయినా పర్లేదు. ఇక్కడ తప్పులకు మార్కులు తియ్యం."

బంతి వచ్చింది. పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. గొంతు లేదు. మళ్లీ వేసింది. మళ్లీ అంతే. ఆడవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మనిషి నాటకం ఆడటం లేదని వాళ్లకు అప్పుడే నమ్మకం కలిగింది.

జమున లేచింది. "మేడం, గీయన నోరు సప్పుడుల తెరుసుకుంటది. ఒట్టిగ ఉన్న జాగల తెరుసుకోదు. ఆగుండ్రి."

కింద మేడం ఇంట్లోకి దిగింది. స్టీలు పళ్లాలు, గిన్నెలు, తపేళాలు, మూతలు, గరిటెలు ఒక గంపలో వేసుకొని పైకి వచ్చింది. అందరి చేతుల్లోనూ తలా ఒకటి పెట్టింది. "కొట్టుండ్రి. సాంచాలు మోగినట్టు మోగాలె."

కొట్టారు. మొదట సిగ్గుపడుతూ, తరవాత తాళంలో పడి, ఆ తరవాత తాళం తప్పించి. టకటకా, టకటకా. డాబా మొత్తం షెడ్డు అయిపోయింది. కమలాకుమారి కూడా తపేళా మీద గరిటెతో దంచుతోంది.

పరమేశ్వర్ ఒంట్లో బిగుసుకున్నదేదో సడలింది. ఆ మోత అతనిది. ఆ మోతలో అతన్ని ఎవరూ వినరు. జమున అతని ఎదురుగా నిలబడి చేత్తో సైగ చేసింది: పెదవులు కాదు, గొంతు. గట్టిగా.

"మై నేమ్ ఈజ్ పరమేశ్వర్!" తన మాట తనకే వినబడలేదు. బాగుంది. ఇంకా గట్టిగా అరిచాడు. "ఐ యామ్ రన్నింగ్ లూమ్! ట్వంటీ వన్ ఇయర్స్!" జమున చెయ్యి పైపైకి లేస్తోంది. ఇంకా, ఇంకా. మెడ నరాలు ఉబ్బాయి. "ఐ యామ్ సిక్స్త్ క్లాస్! నాట్ ఇంటర్! మై వైఫ్ ఈజ్ లర్నింగ్! ఐ యామ్ లాఫింగ్! ఐ యామ్ బ్యాడ్ మ్యాన్!"

జమున చెయ్యి దించింది. పదకొండు గరిటెలు ఒక్కసారిగా ఆగాయి.

"వెరీ బ్యాడ్ మ్యాన్!"

ఆ మాట ఒక్కటే గల్లీ మీద మోగింది. కింద చాయ్ బండి దగ్గర మగవాళ్ల తలలన్నీ పైకి లేచాయి. పరమేశ్వర్ తన గొంతు తనే విన్నాడు. ఇంగ్లిష్‌లో మొదటిసారి. నేలలోకి కుంగిపోవాలనిపించింది. కుంగిపోలేదు. రెండు కాళ్ల మీదా నిలబడే ఉన్నాడు.

"వచ్చింది!" అంది బుచ్చవ్వ.

"ఇంకోపారి," అంది జమున. ఆమె నవ్వలేదు. కాని చెయ్యి మళ్లీ ఎత్తింది. పొద్దుగూకేదాకా వాళ్లు మోగిస్తూనే ఉన్నారు, ఆపుతూనే ఉన్నారు. ప్రతిసారీ మోత కొంచెం తగ్గించారు. చివర్లో ఒక్క కొమురవ్వ మాత్రం గిన్నె మీద వేలితో టక్కు టక్కుమంటోంది. అతను మాట్లాడుతున్నాడు.

*

శనివారం పదింటికి ఆఫీసు గది తలుపు మూసుకుంది. మోత ఆగింది.

"గుడ్ మార్నింగ్ సార్!" అన్నాడు పరమేశ్వర్.

శేఠ్ చేతిలోని చాయ్ తొణికింది. సుజిత్ రెండు చెవులూ మూసుకొని నవ్వాడు. "ఐ కెన్ హియర్ యూ! స్లోలీ, స్లోలీ."

గొంతు తగ్గించాడు. అరగంట కూర్చున్నారు. కొన్ని మాటలు తెలియలేదు. తెలియనప్పుడు, "షో మీ," అన్నాడు. సుజిత్ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. తప్పులు దొర్లాయి. ప్రతి తప్పుకీ చెవులు వేడెక్కాయి. అయినా మాట మాటా కలిసి పని ముందుకు నడిచింది.

సుజిత్ బయటికి వెళ్లాక శేఠ్ సంతోషంగా, "ఏ డాక్టర్ దగ్గర చూపించావ్? మందు బాగా పనిచేసింది," అన్నాడు.

అవునంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో మాస్టర్ కుర్చీ చేతికొచ్చేది. జమున కూడా ఇది చెప్పమనలేదు. "అక్కడ నీ ఇష్టం," అంది పొద్దున డబ్బా కడుతూ.

"గొంతు పోలేదు శేఠ్," అన్నాడు పరమేశ్వర్ హిందీలో. "ఇంటర్ చదవలేదు. ఆ రోజు చెయ్యెత్తినప్పుడు ఇంగ్లిష్ కూడా రాదు. నా ఇంటామె క్లాసులో నేర్చుకున్నా, దొంగచాటుగా. నిన్నటిదాకా అన్నీ అబద్ధాలే చెప్పాను."

శేఠ్ నవ్వు ఆరిపోయింది. చాలాసేపు చాయ్ కప్పును పళ్లెంలో అటూ ఇటూ తిప్పాడు.

"ఇరవై ఒక్క ఏళ్లలో నీ మాట మీద ఎన్ని పనులు ఒప్పుకున్నానో నీకు తెలుసా?" అన్నాడు. "పదిరోజులు ఇంజనీరుతో ఉండు. పని నేర్చుకో. మాస్టర్ ఎవరన్నది పదకొండో రోజు చెప్తా. ఇంక పో."

అతను తలుపు తీశాడు. షెడ్డులో సగం సాంచాలు ఊడదీశారు. మిగతా సగం ఇంకా మోగుతున్నాయి. పదకొండు మంది ఆగి చూస్తున్నారు. లింగం పెదవులు దూరం నుంచి అడిగాయి. "ఏమైందన్నా? గొంతెట్లొచ్చింది?"

పరమేశ్వర్ అందరికీ కనబడేట్టు నిలబడ్డాడు. పెదవులు నిదానంగా కదిపాడు. గొంతు పోలేదని చెప్పాడు. ఆడవాళ్ల క్లాసులో నేర్చుకున్నానని చెప్పాడు.

పదకొండు ముఖాలూ చదివాయి. ఒకడు ఫక్కున నవ్వాడు. ఇంకొకడు పక్కవాడి డొక్కలో పొడిచాడు. ఒకతను మూతి సున్నాలా చుట్టి చూపించాడు. పరమేశ్వర్ ముఖం కాలిపోతోంది. పోయి తన సాంచా దగ్గర నిలబడి, తెగిన పోగు అతకడం మొదలుపెట్టాడు. పోగు రెండుసార్లు జారింది.

కాసేపటికి పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. లింగం. మిగతావాళ్లకు వీపు పెట్టి, వాళ్లెవరికీ తన పెదవులు కనబడకుండా నిలబడ్డాడు. ఒక చెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నాడు.

"రేపు ఎన్ని గంటలకన్నా?"

పరమేశ్వర్ పోగు అతికి, ముడి బిగించి, సాంచా నడిపించాడు. అప్పుడు తల ఎత్తాడు.

"నాలుగింటికి. ముందుగాల ఆళ్లను అడగాలె. ఇద్దరం బోయి అడుగుదాం," అన్నాడు.